డేటా బయటపెడితే ఎవరైనా దొబ్బేస్తారా? ఓపెన్ సైన్స్ ఎక్కడ మొదలుపెట్టాలి?

బెంగళూరులో పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నానని, గైడ్ ఓపెన్ సైన్స్ (పేపర్లు, డేటా అందరికీ అందుబాటులో పెట్టడం) అంటున్నారని, కానీ డేటా పెడితే వేరేవాళ్లు ముందే పేపర్ వేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉందని మీరు అడిగారు. ఈ భయం నాకూ ఉండేది.

కానీ ప్రీప్రింట్ (జర్నల్ సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపర్) పెడితే జరిగేది దానికి ఉల్టా. 1991 నుంచి నడుస్తున్న ప్రీప్రింట్ వెబ్‌సైట్ ఆర్కైవ్‌ (arXiv)లోనో, జీవశాస్త్రమైతే బయోఆర్కైవ్‌ (bioRxiv)లోనో పెడితే మీ పేరూ తేదీ అందరికీ కనిపిస్తాయి కాబట్టి, ఈ పని ముందు మీరే చేశారని చూపించడానికి అదే ఆధారం. డేటా మొదటి రోజే పెట్టక్కర్లేదు, పేపర్‌తో పాటు జెనోడో (పరిశోధన డేటా దాచుకునే వెబ్‌సైట్)లో పెట్టండి, ఉచితం, డీఓఐ (ఆ డేటాకు శాశ్వత గుర్తింపు సంఖ్య) కూడా వస్తుంది. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం ముందు దరఖాస్తు, తర్వాతే ప్రీప్రింట్. రోగుల వివరాలుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఏదీ పెట్టకండి.

మీ ఊళ్లోనే ఐఐఎస్‌సీ 2002లో సొంత ఈప్రింట్స్ భాండాగారం (తన పరిశోధకుల పేపర్లు ఆన్‌లైన్‌లో ఉంచే చోటు) మొదలుపెట్టింది, ఒకసారి చూడండి.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే: ప్రతి ఎక్సెల్ ఫైల్ పక్కన ఏ కాలమ్ ఏమిటో, యూనిట్లేమిటో రాసిన రీడ్‌మీ పెట్టండి. ఆరు నెలల తర్వాత అది మొదట అక్కరకొచ్చేది మీకే.