మరుసటి రోజు బజారులో నిలబడేది ఎవరు?

మీరు కోనసీమలో డిగ్రీ చదువుతున్న నలుగురు స్నేహితులు. స్వలింగ ప్రేమికుల గురించి, ట్రాన్స్‌జెండర్ల గురించి ఊళ్లో బాహాటంగా మాట్లాడాలనుకుంటున్నారు. ఊరేగింపుతో మొదలుపెట్టవచ్చా, ముందుగా ఇంట్లో చెప్పాలా అని అడిగారు. నేను గోదావరికి ఇవతలి ఒడ్డున, నరసాపురం దగ్గర పుట్టి పెరిగాను. అమ్మాయిలను ప్రేమించే అమ్మాయిని. 2018లో మేము ఆరుగురం ఇదే ప్రశ్నతో మొదలుపెట్టాం.

ఆ ఏడాది సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, పరస్పర ఇష్టంతో కలిసిన ఇద్దరు వయోజనులను శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద నేరస్థులుగా చూడకూడదని తీర్పు ఇచ్చింది. కాలేజీ మెట్ల మీద ఫోనులో ఆ వార్త చదివి ఏడ్చాను. సాయంత్రం టీవీలో అదే వార్త వస్తుంటే నాన్న కట్టేసి, ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయారు.

వారం తిరగకముందే ఊరేగింపు చేద్దామనుకున్నాం. రంగురంగుల గుడ్డ కూడా కొన్నాం. పట్టణంలో దుకాణాల వెంట తిరిగి బతికే ఒక ట్రాన్స్ మహిళను మేము అక్కా అని పిలిచేవాళ్లం. ముందు వరుసలో నడవమని ఆమెను అడిగాం. అంతా విని ఆమె ఇలా అన్నారు: "తల్లీ, మీరు గంటసేపు నడిచి ఇళ్లకు వెళ్లిపోతారు. మరుసటి రోజు అదే బజారులో నిలబడాల్సింది నేను. ఎవరైనా రాయి విసిరితే మీరు మీ నాన్నకు ఫోను చేస్తారు. నేను ఎవరికి చేయాలి?" మీకేం కావాలి అని ఆమెను మేము అంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు. ఊరేగింపు మానుకున్నాం.

ఆమెకు కావాల్సింది కాగితాలు. ఎవరి లింగ గుర్తింపును వారే చెప్పుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో చట్టం వచ్చింది. కానీ ఆధార్‌లో పాత పేరు, పాత ఫోటో ఉన్నంతకాలం బ్యాంకులోనూ ఆసుపత్రిలోనూ అద్దె ఇంటి గుమ్మంలోనూ సంజాయిషీ ఇచ్చుకుంటూనే ఉండాలి. కలెక్టరు ఇచ్చే గుర్తింపు పత్రానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపడం 2021లో మేము నేర్చుకున్నాం. అప్పటికి మా జిల్లా కేంద్రం ఏలూరు. ఏ సందేహం వచ్చినా తెల్లవారుజామున బస్సు ఎక్కేవాళ్లం. మేము చేసిన వాటన్నిటిలో నేను ఎక్కువ విలువ ఇచ్చేది ఈ పనికే. పత్రం చేతికి వచ్చిన రోజు అక్క తన పేరును మూడుసార్లు పైకి చదువుకున్నారు.

ఇక జనంతో మాట్లాడటం. మా వైపు ఆడవాళ్లు లేసు అల్లుతారు. మధ్యాహ్నం పనులయ్యాక నలుగురైదుగురు అరుగు మీద చేరతారు. కళ్లు అల్లిక మీద ఉంటాయి కనుక ఒకరి ముఖం ఒకరు చూడనక్కరలేదు, కష్టమైన మాట కూడా బయటికి వస్తుంది. అక్కడ నేను మొదట నా గురించి చెప్పలేదు, మాటల గురించి మాట్లాడాను. పత్రికలు రాసే "స్వలింగ సంపర్కులు" అనే మాట మనిషిని పడకగది దాటి బయటికి రానివ్వదు. "తేడా" అనే మాట సంగతి చెప్పనే అక్కరలేదు. "ఒక అమ్మాయికి మరో అమ్మాయి మీద మనసు పడితే" అన్నాను, అందరికీ అర్థమైంది. ఒక పెద్దావిడ అల్లిక ఆపకుండానే, "ర్యాలి గుడిలో స్వామి ముందు నుంచి చూస్తే విష్ణువు, వెనక్కి వెళ్తే మోహిని. రాయి ఒక్కటే కదమ్మా. రెండు వైపులా దండం పెట్టుకునే వస్తున్నాం" అన్నారు.

ర్యాలి ఊరు మీ వైపే కాబట్టి ఈ మాట మీకూ పనికొస్తుంది, ముఖ్యంగా ట్రాన్స్ వ్యక్తుల గురించి చెప్పేటప్పుడు. నా వంటి వారి ప్రేమకు మాత్రం అది జవాబు కాదు. పురాణంలో మాకు చోటు దొరికినా దొరకకపోయినా మేము ఇక్కడే పుట్టాం, ఈ కాలువల నీళ్లే తాగాం. గౌరవంగా చూడటానికి అది చాలాలి.

నేను చేసిన ఒక తప్పు మీరు చేయకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను రోగాల జాబితా నుంచి తొలగించింది. 2019లో ఆ తేదీన పన్నెండు మందిమి ఒక చిన్న గదిలో కలిశాం. ఆనందం పట్టలేక ఒక ఫోటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. వెనుక వరుసలో ఒక తమ్ముడి ముఖం సగం కనిపించింది. అది వాళ్ల బంధువుల కంట పడింది. రెండు రోజుల్లో అతని ఫోను లాక్కున్నారు, ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మందులు మొదలుపెట్టారు. ఏడాది చదువు పోయింది. అతను నన్ను క్షమించాడు. నేను మాత్రం ఆ తర్వాత ఏ సమావేశంలోనూ ఫోను బయటికి తీయలేదు.

ఇది రోగం కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లోనే స్పష్టం చేసింది. మార్చేస్తామంటూ చేసే చికిత్స వైద్యవృత్తికి విరుద్ధమైన ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. మీలో ఎవరికైనా ఆ పరిస్థితి వస్తే ఈ రెండు సంగతులూ డాక్టరు ముందు గట్టిగా చెప్పండి. మనసు కుంగితే 14416కు ఫోను చేయండి, ప్రభుత్వ సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఊరేగింపు తప్పని నేను అనను. హైదరాబాదులో 2013 నుంచి ప్రైడ్ నడక, అంటే మా వంటి వారి ఊరేగింపు, ఉంది, నేనూ వెళ్లాను, ఆ రోజు కలిగిన ధైర్యం చాలాకాలం నాతో ఉంది. కానీ అక్కడ జనంలో కలిసిపోవచ్చు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటే పంటు ఎక్కితే పది మంది "ఎవరమ్మాయివి?" అని అడుగుతారు. మీ నలుగురిలో ఎవరి ఇంట్లో తెలియదో, ఎవరి ఫీజు ఇంటి నుంచే రావాలో ముందు మాట్లాడుకోండి. ఎంత బయటపడాలో వాళ్లే చెప్పాలి.

ఇంట్లో చెప్పే ముందు మీ సర్టిఫికెట్లు, కొంత డబ్బు, రెండు రాత్రులు తలదాచుకునే చోటు మీ చేతిలో ఉండాలి. నేను అమ్మకు 2020లో చెప్పాను. ఆమె అల్లుతున్న పువ్వును విప్పేసి మళ్లీ మొదటి నుంచి అల్లింది, ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. నాలుగు నెలల తర్వాత తానే అడిగింది: "ఆ అమ్మాయి వాళ్లది ఏ ఊరు?" నాన్న ఇంకా అడగలేదు.