పిల్లల కృత్రిమ కాళ్ల కంపెనీ షేరు మూడు రూపాయలకు వస్తోంది, కొనవచ్చా?

పిల్లలు ఎదుగుతూనే ఉంటారు, కృత్రిమ కాళ్లు మారుస్తూనే ఉండాలి, కాబట్టి ఈ కంపెనీకి గిరాకీ తగ్గదని మీ మిత్రుడు చెప్పారని, యాభై వేలు పెట్టవచ్చా అని అడిగారు. గిరాకీ నిజమే. డబ్బు ఎవరిస్తారో ఆయన చెప్పినట్టు లేదు.

మాది కడప. మా అన్నయ్య కూతురికి పసితనంలోనే మోకాలి కింద కాలు తీసేయవలసి వచ్చింది, అందువల్ల ఈ సరుకు సంగతి ఇంట్లోనే చూస్తున్నాను. మొండి కాలికి మేజోళ్లు ఒకదానిపై ఒకటి తొడిగి సాకెట్‌లో, అంటే కృత్రిమ కాలి పైభాగంలో ఉండే గిన్నెలాంటి తొడుగులో, దూరుస్తారు. పిల్ల ఎదిగేకొద్దీ ఒక్కొక్కటీ తగ్గిస్తారు. తీయడానికి ఇంకేమీ మిగలనప్పుడు సాకెట్ అంచు ఒరుసుకుని చర్మం కందిపోతుంది, అప్పుడు కొత్త సాకెట్ చేయిస్తాం. ఎత్తు చాలకపోతే మధ్యలో గొట్టం మార్చి, పాదం పాతదే ఉంచిన సందర్భాలున్నాయి. అంటే మార్చిన ప్రతిసారీ కాలు మొత్తం అమ్ముడైనట్టు కాదు. పైగా సాకెట్‌ను ఆ పిల్ల కొలతకే అచ్చు తీసి, తొడిగి, నడిపించి సరిచేయాలి. చెయ్యి తిరిగిన టెక్నీషియన్ల మీద నడిచే వ్యాపారం ఇది. అమ్మకాలు పెరిగితే జీతాల ఖర్చూ వెంటే పెరుగుతుంది.

ఇక పోటీ చూడండి. జైపూర్‌లోని భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి ఉచితంగా కాళ్లు అమరుస్తోంది. కాన్పూర్‌లోని ఆలింకో 1972లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, వికలాంగుల కోసం ఉన్న కేంద్ర పథకం అడిప్ కింద శిబిరాల్లో ఉపకరణాలు ఇస్తుంది. మా పాప మొదటి కాలు కూడా ఉచిత శిబిరంలో వచ్చిందే. ఉచితంగా దొరికేదానికి పక్కన కొట్టు పెట్టిన చిన్న కంపెనీకి మిగిలేది డబ్బున్న కొద్ది కుటుంబాలు, లేదా టెండర్లు. టెండరు వచ్చిందని ప్రకటన రాగానే షేరు ఎగురుతుంది, బిల్లు డబ్బు మాత్రం తీరిగ్గా వస్తుంది. అందుకే వార్షిక నివేదికలో రావలసిన బకాయిలు ఎంత పాతవో చూపే పట్టిక ఉంటుంది, ముందు అది తెరవండి. లాభం చూపిస్తూ బకాయిలు ముదురుతుంటే ఆ లాభం కాగితం మీదే ఉంది.

చిల్లర ధర షేర్లు నేనూ కొంటాను. ఒక వైద్య పరికరాల కంపెనీలో ప్రమోటర్ల, అంటే కంపెనీని నడిపే యజమానుల, వాటా త్రైమాసికం తర్వాత త్రైమాసికం తగ్గడం చూసి అమ్మేశాను. సగం జాగ్రత్త, సగం పిల్లల ఫీజు అవసరం. కొన్నాళ్లకు అది వరుసగా లోయర్ సర్క్యూట్‌లో, అంటే ఒక రోజులో ధర పడగల కింది హద్దులో, పడింది. ఐదు శాతం పరిమితి ఉన్న షేరు మూడు రూపాయల నుంచి ఆ రోజు రెండు రూపాయల ఎనభై ఐదు పైసల కంటే దిగదు. వినడానికి ఊరటే. కానీ అమ్మేవాళ్లు లక్షల షేర్లతో వరుసలో ఉంటారు, కొనేవాడు ఒక్కడూ ఉండడు. ఒకే ధరకు ముందు ఆర్డరు పెట్టినవాడిదే ముందు వంతు, మీ వంతు ఆ రోజుకు రాదు.

మీ మిత్రుడికి ఈ కబురు ఏ టెలిగ్రామ్ గ్రూపు నుంచి వచ్చిందో కూడా అడగండి. 2023 మార్చిలో సాధనా బ్రాడ్‌కాస్ట్ షేరును యూట్యూబ్ వీడియోలతో ఎగదోసిన వ్యవహారంలో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పలువురిని మార్కెట్ నుంచి నిషేధించింది. అక్కడా ఆశ పుట్టించే కథతోనే జనాన్ని లాగారు. పిల్లల కాళ్ల కథకైతే మనసు ఇంకా త్వరగా కరుగుతుంది.

యాభై వేలు మాత్రం వద్దు. బకాయిల పట్టిక, ప్రమోటర్ల వాటా, వాళ్లు తాకట్టు పెట్టిన షేర్లు చూశాక కూడా కొనాలనిపిస్తే ఐదు వేలు పెట్టండి, అదీ ఇంతకు మించి ఇవ్వనని ధర మీరే చెప్పే లిమిట్ ఆర్డరుతోనే. పిల్లలకు మేలు చేయాలన్న కోరిక కూడా ఉంటే మిగతాది జైపూర్ సమితికి విరాళం పంపవచ్చు.