వేణ్నీళ్లు పడి బొబ్బలెక్కిన పసివాడి చేయి

ప్రశ్న: మా బాబుకు రెండేళ్లు. మొన్న పొద్దున హీటర్ రాడ్ పెట్టిన బకెట్ అంచు పట్టుకుని లేవబోయి, వేణ్నీళ్లు మీద పోసుకున్నాడు. కుడి మోచేయి నుంచి మణికట్టు దాకా బొబ్బలెక్కింది. మా అత్తమ్మ వెంటనే టూత్‌పేస్టు రాశారు. బొబ్బలను గుచ్చవచ్చా? మచ్చ మిగులుతుందా?
– ఒక తల్లి, పరకాల

జవాబు: అమ్మా, బాబును ఈ రోజే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో, వరంగల్ ఎంజీఎంలోనో చూపించండి. ముఖం, చేతులు, పాదాలు, మర్మాంగాలు, కీళ్ల మీద కాలినప్పుడు గాయం చిన్నదైనా ఇంటి వైద్యం పనికిరాదు. బొబ్బలను గుచ్చవద్దు; కింది పచ్చి చర్మానికి ఆ పైపొరే కాపు, తీయవలసినవి ఉంటే డాక్టర్లే తీస్తారు. టూత్‌పేస్టు పైకి చల్లగా అనిపిస్తుందే గానీ లోపలి వేడిని తగ్గించదు, పైగా అట్టకట్టి గాయం లోతు కనబడనివ్వదు. దాన్ని మీరు గీకకండి, డ్రెస్సింగ్ చేసేటప్పుడు కడిగేస్తారు. సిరా, పసుపు, గుడ్డుసొన పూసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి గనుక అత్తమ్మగారిని ఒక్కరినే అనడం న్యాయం కాదు.

పసిపిల్లల చర్మం పలుచన. 60 డిగ్రీల నీళ్లు కూడా కొద్ది సెకన్లలోనే దాన్ని లోతుగా కాల్చగలవు. అందుకే కాలిన వెంటనే తడిసిన బట్టలు, గాజులు, మొలతాడు తీసేసి, కాలినచోటును కుళాయి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి; ఆలస్యమైనా మూడు గంటల్లోపు ఇలా చేస్తే ఫలితం ఉంటుంది. ఆ సమయంలో బిడ్డ వణకకుండా మిగతా ఒంటికి దుప్పటి చుట్టాలి. ఐసు పెడితే రక్తప్రసరణ తగ్గి గాయం ఇంకా ముదురుతుంది. బిడ్డ అరచేయి, వేళ్లతో కలిపి, వాడి ఒంట్లో సుమారు ఒక శాతం. ఆ లెక్కన పది శాతం దాటి కాలితే సెలైన్ అవసరమవుతుంది కాబట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలి.

మచ్చ సంగతి ఇప్పుడే చెప్పలేము. రెండు వారాల్లో మానిన గాయానికి సాధారణంగా గట్టి మచ్చ మిగలదు. మూడు వారాలైనా మానకపోతే చర్మం అతికించవలసి రావచ్చు. మోచేయి ముడుచుకుని బిగుసుకుపోకుండా, నొప్పి మందు వేసిన తరువాత ఆటలో పెట్టి చేయి చాపించడం మాత్రం మొదటి వారం నుంచే చేయాలి, ఏడుస్తున్నాడని మానవద్దు. 16–24 నెలల మధ్య వేయించవలసిన డీపీటీ బూస్టర్ (ధనుర్వాతం నుంచి కూడా కాపాడే టీకా) పడిందో లేదో టీకా కార్డులో చూసి డాక్టరుకు చెప్పండి. జ్వరం, ఒంటిమీద ఎర్రటి దద్దుర్లు, విరేచనాలు, మగత, గాయం నుంచి దుర్వాసన, మూత్రం తగ్గడం – వీటిలో ఏది కనిపించినా రాత్రి అని చూడకుండా బయలుదేరండి.

ఇక స్నానాల గదిలో బకెట్‌లో ముందు చన్నీళ్లు పోసి, ఆపైన వేణ్నీళ్లు కలపండి. హీటర్ రాడ్‌తో కాగుతున్న బకెట్‌కు కాలే ప్రమాదంతోపాటు షాక్ కొట్టే ప్రమాదమూ ఉంది కాబట్టి, ఆ గది తలుపు బయటి నుంచి గడియ పెట్టి ఉండాలి.