ఊళ్లో పెద్దల సంఘానికి డబ్బు, కాలక్షేపం ఎలా?

కోనసీమలో మా నాన్నగారి ఈడువాళ్లు పాతికమంది సంఘం పెట్టుకున్నారు, నిధులెలా అని అడిగారు.

ముందు రిజిస్ట్రేషన్. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు సభ్యులుండాలి. బ్యాంకు ఖాతా, పాన్ సంఘం పేరు మీదే తీసుకోండి. ఎవరో ఒకరి సొంత ఖాతాలో చందాలు వేయిస్తే ఎప్పటికైనా గొడవే.

అందరి కళ్లూ సీఎస్ఆర్ డబ్బు మీదే, అంటే కంపెనీలు సమాజ సేవకి ఖర్చుపెట్టే సొమ్ము మీదే. 2013 కంపెనీల చట్టం వృద్ధుల డే కేర్ కేంద్రాలకు ఖర్చు పెట్టొచ్చంటుంది. కానీ 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రిజిస్ట్రేషన్లు, మూడేళ్ల అనుభవం అడుగుతారు. కొత్త సంఘానికి నేరుగా అందదు. అందుకే మొదటి ఏడాది సంక్రాంతిని నమ్ముకోండి. హైదరాబాద్, అమెరికా పిల్లలు ఊళ్లో ఉండేది ఆ నాలుగు రోజులే. ఊరికే "విరాళం" అంటే జారుకుంటారు. "బీపీ మిషన్‌కి ఇంత, డజను కుర్చీలకి ఇంత" అని చీటీ చేతిలో పెడితే జేబులో చెయ్యి పెడతారు. రసీదు అక్కడికక్కడే ఇచ్చేయండి.

కార్యక్రమాలకి పెద్ద ఖర్చేం లేదు. పొద్దున కాలవగట్టు మీద నడక, సాయంత్రం రామాలయం అరుగు మీద అష్టాచెమ్మా, శనివారం భజన. నన్నడిగితే అన్నిటికన్నా మంచిది, బడిపిల్లల్ని కూర్చోబెట్టి 1996 నవంబరు తుఫాను రాత్రి ఎవరింట్లో ఏం జరిగిందో చెప్పించడం. మోకాళ్ల నొప్పులతో రాలేనివాళ్లుంటే ఆటని వాళ్ల అరుగు మీదికే మార్చండి.