పాయింట్ టూటూతో 200 మీటర్లు: చిన్నమ్మాయికి ఉత్తరం

చి. చిన్నమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పాయింట్ టూటూ (0.22 అంగుళాల గొట్టం) రైఫిల్ లైసెన్సు చేతికొచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు, సంతోషం. 200 మీటర్లకు కొట్టాలని ఉందట, దానికోసం పెద్ద స్కోప్ చూస్తున్నావట. స్కోప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు డబ్బు పెట్టాల్సింది తూటాల మీద.

మన మ్యాచ్ తూటాలో, అంటే పోటీలకు వాడేదాంట్లో, బుల్లెట్ బరువు 40 గ్రెయిన్లు, అంటే రెండున్నర గ్రాముల పైచిలుకు. గొట్టం దాటేటప్పుడు దాని వేగం సెకనుకు సుమారు 330 మీటర్లు. 50 మీటర్లకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దిన రైఫిల్‌తో 100 మీటర్లకు కొడితే జానెడు కింద తగులుతుంది. 200కైతే దాదాపు ఒకటిన్నర మీటరు దిగిపోతుంది. ఆ దిగుడుకు తగ్గట్టు స్కోప్ తిప్పుకోవడం పెద్ద విద్యేం కాదు. తలనొప్పి ఎక్కడంటే, ఒకే డబ్బాలోని తూటాల వేగం ఒక్కలా ఉండదు. సెకనుకు 10 మీటర్ల తేడా ఉందనుకో, 50 మీటర్ల దగ్గర బుల్లెట్ తగిలే చోటులో తేడా అర సెంటీమీటరు పైచిలుకు వస్తుంది. నీ చెయ్యి వణికిందేమో అనుకుని ఊరుకుంటావు. అదే తేడా 200 దగ్గర పది సెంటీమీటర్లు. అక్కడ ఎంత బాగా ట్రిగ్గర్ నొక్కినా లాభం లేదు.

అందుకే పెద్ద షూటర్లు తూటాలను బ్రాండ్ చూసి కాదు, లాట్ నంబరు (ఒకే విడతలో తయారైన తూటాల గుర్తు) చూసి ఏరుకుంటారు. ఈలీ, లపువా లాంటి కంపెనీలకు ఇందుకోసం సొంత టెస్ట్ రేంజిలు కూడా ఉన్నాయి. 2024 పారిస్‌లో జరిగిన ఒలింపిక్స్‌లో మన షూటర్ స్వప్నిల్ కుసాలేకి కాంస్యం వచ్చిన 50 మీటర్ల పోటీ కూడా ఈ తూటాతోనే. అక్కడ పది పాయింట్ల వలయం అడ్డకొలత 10.4 మిల్లీమీటర్లు. నువ్వు మూడు నాలుగు లాట్లు తలా ఒక డబ్బా కొని, 100 మీటర్లలో కొట్టి చూడు. పైకీ కిందికీ తక్కువ సాగిన గ్రూపు (కాగితం మీద పడ్డ రంధ్రాల గుంపు) ఏ లాట్‌ది అయితే ఆ లాట్ తీసుకో. రకం మార్చినప్పుడల్లా మొదటి పది ఇరవై రౌండ్లు లెక్కలోకి తీసుకోకు, బుల్లెట్ల మీద పూసిన కొత్త మైనం గొట్టానికి పట్టాలి. ఆ డబ్బాల్ని మే నెల ఎండలో కారులో వదిలేశావంటే మైనం మెత్తబడి, ఏరిన పనంతా గంగలో కలుస్తుంది.

డబ్బా మీద 'హై వెలాసిటీ' అని ఉంటే మురిసిపోకు. ఆ బుల్లెట్ ధ్వని కంటే వేగంగా బయలుదేరి, దారిలో ఆ వేగం పోగొట్టుకుంటుంది. అక్కడ గాలి అడ్డు ఒక్కసారిగా ఎక్కువ. దాంతో పక్కగాలికి నెమ్మది తూటా కంటే ఇదే ఎక్కువ జరుగుతుంది. నమ్మబుద్ధి కాదు గానీ, కొట్టి చూస్తే నీకే తెలుస్తుంది.

ఇక గాలి. గంటకు 10 కిలోమీటర్ల పక్కగాలి, అంటే మొహానికి హాయిగా తగిలే గాలి, 200 దగ్గర బుల్లెట్‌ను జానెడు పైనే జరిపేస్తుంది. మన వైపు ఆషాఢం గాలుల్లో కొత్తగా నేర్చుకునేవాళ్ళకి 200 వద్దనే అంటాను. చలికాలంలో తెల్లవారి, కొండల మీద ఎండ పడకముందు మొదలుపెట్టు. 50, 100, 150 దగ్గర కర్రలకి పలచని రిబ్బన్లు కట్టు. మూడూ మూడు దిక్కులకి ఊగుతుంటే ముందు నీ దగ్గరిదాన్ని నమ్ము, మొదట్లో పడ్డ వంకర చివరిదాకా పెరుగుతూ పోతుంది.

ఎండెక్కాక స్కోప్‌లో నేల మీది వేడి అలలు కనిపిస్తాయి. వాటిని తిట్టుకోకు, చదువు. కుడికి పారుతుంటే గాలి కుడికి. నిలువుగా కుతకుత ఉడుకుతున్నట్టు ఉంటే గాలి ఆగిందని సంబరపడి కొట్టేస్తారు చాలామంది. అది దిక్కు మారబోయే గాలి కావచ్చు, లేదంటే నీకు ఎదురుగానో వెనకనుంచో వీస్తుండొచ్చు. అప్పుడు వేలు తీసేసి ఆగు. మళ్ళీ ఒక పక్కకి పారడం మొదలయ్యాక కొట్టు.

రైఫిల్ ఒరగకుండా స్కోప్ మీద చిన్న నీటిమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టుకో. రెండు డిగ్రీలు ఒరిగితే చాలు, 200 దగ్గర ఏడెనిమిది సెంటీమీటర్లు పక్కకి పోతుంది. ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. స్కోప్ కొనేటప్పుడు పవర్ కంటే ముందు చూడాల్సింది, పారలాక్స్ (కన్ను కదిలితే గురి జరిగినట్టు కనిపించడం) సర్దుకునే వీలుందా, ఎలివేషన్ మర (గురిని పైకీ కిందికీ జరిపేది) సరిపడా తిరుగుతుందా అని. 50 జీరో నుంచి 200కి దాదాపు ఎనిమిది మిల్స్ (200 దగ్గర ఒక మిల్ అంటే 20 సెంటీమీటర్లు) కావాలి. చాలకపోతే స్కోప్ కింద ముందుకు వాలిన బేస్ (దిమ్మ) వేయించు.

చివరిగా ఒక మాట, ఇది సలహా కాదు, ఆజ్ఞే అనుకో. చిత్తూరు మామిడి తోటలో 'ఎవరూ ఉండరు కదా పెదనాన్నా' అని ఒక్క రౌండ్ కూడా వద్దు. ఈ చిన్న తూటా కిలోమీటరున్నర పోగలదు. వెనక మట్టికట్ట ఉన్న, అనుమతి ఉన్న రేంజిలో తప్ప ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. శేషాచలం అడవి ఛాయలకి రైఫిల్‌తో అసలే పోవద్దు. ఎర్రచందనం దొంగల కోసం అక్కడ రాత్రీ పగలూ గస్తీ ఉంటుంది, నీ టార్గెట్ కాగితాలు ఎవరూ చూడరు. రేంజికి వెళ్ళేటప్పుడు రైఫిల్ ఒక పెట్టెలో, తూటాలు వేరే పెట్టెలో, రెండిటికీ తాళాలు. లైసెన్సు అసలు కాగితం నీ దగ్గరే ఉండాలి. తూటాలు కొన్న ప్రతిసారీ అందులో ఎంట్రీ పడిందో లేదో అంగట్లోనే నిలబడి చూసుకో.

ఇట్లు,
పెదనాన్న