అల్లుడూ, ముందు వాన నీటిని చేలో ఆపు

అల్లుడూ,

గజపతినగరం దగ్గర ఆ రెండెకరాల గరువులో, అదే మెట్ట చేలో, ఈసారి మొక్కజొన్న వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషంరా. ఒకప్పుడు ఆ నేలల్లో గోగు వేసేవాళ్ళం, ఇప్పుడంతా మొక్కజొన్నే కదా. కానీ ఫోన్లో నువ్వు ఏ విత్తనం, ఎన్ని బస్తాల యూరియా అనే అడిగావు, నీళ్ల మాటే ఎత్తలేదు. బోరు లేని చేనుకి ముందు చూసుకోవాల్సింది అదేరా.

మనకి వాన మరీ తక్కువేం కాదు, ఒక్క పూటలో దంచేసి పోద్ది, తర్వాత పదిహేను రోజులు మబ్బే ఉండదు. ఎర్రనేల పైన పెచ్చు కట్టేస్తే నీరు లోపలికి దిగదు. ఒక ఏడు ట్రాక్టర్ తొందరలో వాలు వెంటే దున్నించేశాను, విత్తిన మూడో రోజు రాత్రి వాన, పొద్దున్నే వెళ్తే ప్రతి చాలూ కాలువైపోయి ఎర్రటి నీళ్లు విత్తనంతో డీఏపీ ఎరువుతో సహా చెరువులోకి పోతన్నాయి, గట్టు మీద నిలబడి చూడ్డమే అయింది. అందుకే చెప్తున్నా, దున్నడమైనా విత్తడమైనా వాలుకి అడ్డంగానే చెయ్యి.

మొదటి జల్లుకే విత్తీకు. జానెడు లోతు తవ్వి మట్టి పిడికిట్లో నొక్కు, ముద్ద కట్టి నిలిస్తే పదునున్నట్టు, పొడిగా రాలిపోతే ఆగు. ఎకరాకి 8 కిలోల విత్తనం, వరసకీ వరసకీ 60 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 20. బెట్టకి చేను వాడినా తిండికి ఏదో ఒకటి మిగలాలి కాబట్టి రెండు వరసలకి ఒక వరస కంది పెట్టు, అలా పెడితే మాత్రం అట్రజిన్ కలుపు మందు కొట్టకూడదు, కంది పోద్ది. పశువుల గెత్తం, అదే పెంట ఎరువు, ఎంత దొరికితే అంత ముందే తోలించు, నేలలో తేమ పట్టి ఉంచేది అదే.

నెల రోజులకి గొప్పు తవ్వించి మొక్కల మొదళ్ళకి మన్ను ఎగదోయించు, నాలుగు వరసలకి ఒకటి చొప్పున నాగలితో లోతుగా చాలు తీయించు. చిన్న వాన పడినా నీరు అందులోనే నిలిచి ఇంకుద్ది. కానీ చివర్లో చిన్న గండి ఉంచు, తుఫాను వానకి నీరు నిలిచిపోతే లేత మొక్క పసుపు పచ్చబడి చచ్చిపోద్ది. గడ్డి, వేరుశెనగ పొట్టు ఉంటే వరసల మధ్య పరిచెయ్యి. యూరియా మూడు దఫాలుగా తడి ఉన్నప్పుడే, పొటాష్ సగం దుక్కిలో సగం పూతకి.

అసలు గండం 50 రోజుల నుంచి, పూత, పీచు వచ్చేటప్పుడు. మధ్యాహ్నం ఆకు గొట్టంలా చుట్టుకుంటే కంగారు పడకు, సాయంత్రానికి విప్పుకుంటే పర్లేదు. తెల్లారి కూడా చుట్టుకునే ఉంటే మాత్రం ఆ రోజే ఎలాగోలా ఒక తడి ఇవ్వాలి, లేకపోతే పొత్తు కొన బోసిగా ఉండిపోద్ది. చెరువు నీళ్లు తోడే పక్కింటోళ్ళ ఇంజన్ గురించి ఇప్పుడే మాట్లాడి ఉంచుకో, అప్పుడు అందరికీ కావాలి అది.

దుక్కికి ట్రాక్టర్ వచ్చే ముందు రోజు ఫోన్ చెయ్యి, నేనొచ్చి వాలు ఎటుందో చూసి ముగ్గు పోస్తాను.

మీ మావయ్య