సమాధానం: మూడో ఉద్యోగంలోనూ ఏడాదికే విసుగు

నమస్కారమండి. నాలుగేళ్లలో మూడు కంపెనీలు మారినా ప్రతిచోటా ఏడాది తిరిగేసరికి ఆసక్తి సన్నగిల్లుతోందని, మళ్లీ మారాలో ఉండిపోవాలో తేలడం లేదని మీరు రాశారు. లోపం మీలోనే ఉందని దయచేసి అనుకోకండి. బాస్వెల్, బుద్రో, టిచీ అనే పరిశోధకులు 2005లో మేనేజర్లపై ప్రచురించిన అధ్యయనంలో, పాత ఉద్యోగంలో తృప్తి తగ్గినవారికి కొత్తదానిలో చేరగానే అది ఎగసి, తర్వాత మళ్లీ దిగిపోవడం కనిపించింది. నాలుగో ఉద్యోగానికి మారినా మీకు ఇదే ఎదురుకావచ్చు.

జీతం, పై అధికారి తీరు, పని పరిస్థితులు బాగుంటే అసంతృప్తి తగ్గుతుందే తప్ప తృప్తి పుట్టదని, అది చేసే పనిలోంచి, గుర్తింపులోంచి, బాధ్యతలోంచి రావాలని అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లోనే వాదించారు. ఇది నా అనుభవం కూడా. బ్యాంకు క్యాష్ కౌంటర్లో నోట్లు లెక్కపెట్టడంతోనే రోజులు గడిచిన నాకు మూడో ఏట ఉదయం లేవాలంటేనే బరువుగా ఉండేది. అడిగి పంట రుణాల విభాగానికి మారాక, అంచులు మెత్తబడిన పట్టాదారు పాసుపుస్తకాన్ని సంచిలోంచి తీసి రైతు ఎదురుగా కూర్చున్నప్పుడు, అదే బ్రాంచిలో, అదే జీతానికి, పని మీద మనసు నిలిచింది.

రాజీనామాకు ముందు ఒక నెలపాటు ఏ పని తృప్తినిచ్చిందో, ఏది విసిగించిందో రోజూ రాసిపెట్టుకోండి. విసుగు పనిలోనే ఉంటే మేనేజరును వేరే ప్రాజెక్టు అడగండి; జీతం ఆలస్యం కావడం, అవమానాలు వంటివే కారణమైతే మాత్రం సంకోచించకుండా మారండి.